మాట్లాడేది ఇరవై నిమిషాలు, కట్టేది నెలంతా



ఈ మధ్య సంతలో ఎక్కడ నలుగురు కూర్చున్నా ఒకటే మాట. "రీఛార్జ్ అయిపోయింది, ఫోన్ పోవట్లేదు." కాఫీ ధర, మిరియాల ధర తర్వాత మన ఏజెన్సీలో ఎక్కువగా మాట్లాడుకునే ధర ఇప్పుడు ఇదే. అయినా దీని మీద ఎవరూ ధర్నా చేయరు, కలెక్టరుకి ఒక్క వినతిపత్రం కూడా ఇవ్వరు. పోడు పట్టా అంటే హక్కు, రోడ్డు అంటే హక్కు. ఫోన్ అనేసరికి "కుర్రాళ్ల సరదా ఖర్చు" అని మన పెద్దవాళ్లే తీసిపారేస్తున్నారు. నా గొడవ ఆ మాటతోనే.

ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి హాజరు మొబైల్ యాప్‌లోనే పడుతోంది. ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కూలి గోవిందా. బ్యాంకులో డబ్బు పడిందో లేదో తెలియాలంటే మెసేజ్ రావాలి. ఆధార్ పనికి ఓటీపీ, స్కాలర్‌షిప్‌కి ఓటీపీ. పురిటి నొప్పులొస్తే డోలీ మోసేవాళ్లని పిలవాలన్నా, ఆశా అక్కకి చెప్పాలన్నా, అంబులెన్స్ రోడ్డు దాకా వచ్చిందా అని కనుక్కోవాలన్నా ఫోనే దిక్కు. ప్రతి కాగితం మీదా ప్రభుత్వమే ఫోన్ నంబర్ రాయమంటోంది కదా. మరి ఆ నంబర్ బతికి ఉండటానికి అయ్యే ఖర్చు సరదా ఖర్చు ఎలా అవుతుంది? అది ఒక రకంగా పన్నే. కాకపోతే వసూలు చేసేది ప్రైవేటు కంపెనీ.

ముందు లెక్క చూద్దాం. 2024 జూలై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ ఒకదాని వెనక ఒకటి ధరలు పెంచాయి. ఎయిర్‌టెల్‌లో 179 ఉన్న 28 రోజుల ప్లాన్ 199 అయింది. జియోలో 155ది 189 అయింది. రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే జియో ప్లాన్ 239 నుంచి 299కి ఎగిరింది. ఆ 28 రోజులు అన్నది గమనించండి. క్యాలెండర్‌లో నెలలు 12, రీఛార్జ్‌లు మాత్రం 13. 30 రోజుల ప్లాన్ కూడా కనీసం ఒకటి పెట్టాలని ట్రాయ్ 2022లో ఆదేశించింది, కంపెనీలు పెట్టాయి కూడా. షాపులో వాళ్లు చెప్పరు, మనం అడగం, అదీ సంగతి.

199 చొప్పున 13 సార్లు అంటే ఏడాదికి 2,587 రూపాయలు. మన రాష్ట్రంలో 2025-26కి ఉపాధి కూలి రోజుకి 307. అంటే ఒక్క సిమ్ బతకాలంటే ఎనిమిది రోజులు దాటి మట్టి పని చేయాలి. పిల్లాడు హాస్టల్లో ఉండి ఇంట్లో రెండు ఫోన్లయితే దాదాపు పదిహేడు రోజులు. చట్టం ఇచ్చే పని దినాల్లో అన్ని రోజులు ఫోన్‌కే పోతాయి.

"ప్రపంచంలోనే చౌక డేటా ఇండియాలో ఉంది" అని కంపెనీలు అంటాయి. జీబీ లెక్కన చూస్తే ఆ మాట చాలావరకు నిజమే, కాదనను. హైదరాబాద్‌లో రూములో కూర్చుని రోజంతా వీడియోలు చూసేవాడికి 299 చౌకే. మన కొండ మీద ఉన్న అవ్వ సంగతేంటి? ఆమె చేతిలో బటన్ ఫోన్. సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. కొడుకు విజయవాడలో మేస్త్రీ దగ్గర పనిలో ఉంటాడు, వారానికోసారి ఐదు నిమిషాలు మాట్లాడుతుంది. నెలకి ఇరవై నిమిషాలు. 199ని ఇరవైతో భాగిస్తే నిమిషానికి పది రూపాయలు. 1995లో మన దేశంలో సెల్‌ఫోన్ కొత్తగా వచ్చినప్పుడు కాల్ చేస్తే నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేదని, వచ్చిన కాల్‌కి కూడా డబ్బు పట్టేవారని మనం నవ్వుకుంటూ చెప్పుకుంటాం. అవ్వ ఇంకా ఆ కాలానికి దగ్గర్లోనే ఉంది. కాల్ ఉచితం అని కవరు మీద రాసి, గుమ్మం దగ్గర టికెట్ కొట్టే పద్ధతి ఇది. అసలు పేచీ కాల్ రేటుతో కాదు, వ్యాలిడిటీతో.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2009లో టాటా డొకొమో సెకనుకి ఒక పైసా అని వచ్చాక మిగతా కంపెనీలు కూడా ఆ దారి పట్టాయి. మాట్లాడినంతే కట్టు. లైఫ్‌టైమ్ సిమ్ ఒకసారి తీసుకుంటే పది రూపాయల టాప్‌అప్ వేసుకుని ఎన్నాళ్లయినా నడిపేవాళ్లు. సంతకి వచ్చినప్పుడు పది రూపాయల కార్డు గీకి నంబర్ కొట్టుకోవడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చేతిలో డబ్బు లేకపోతే మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లం, అవతలివాళ్లు చేసేవాళ్లు. పేదవాడి టెక్నాలజీ అంటే మిస్డ్ కాలే!

దాన్ని 2018 చివర్లో చంపేశారు. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 28 రోజులకి కనీసం 35 రూపాయలు వేయాల్సిందేనని మొదలుపెట్టాయి. లేకపోతే ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుంది, కొన్నాళ్లకి ఇన్‌కమింగ్ కూడా ఆగుతుంది. ఆ కనీసం ఎయిర్‌టెల్‌లో 2021లో 79, అదే ఏడాది చివర్లో 99, 2023కి 155, 2024లో 199. ఇప్పుడు అన్‌లిమిటెడ్ కాల్స్, రెండు జీబీ కలిపి ఇస్తున్నాం కదా అంటారు. ఇస్తున్నారు. కానీ వద్దనే దారి మూసేసి ఇస్తున్నారు. పావుకిలో ఉల్లిపాయలకి వెళ్తే బస్తా కొంటేనే అమ్ముతా అన్నట్టుంది.

ఎందుకు ఇంత ధైర్యం? పోటీ లేదు కాబట్టి. పదేళ్ల కింద షాపు ముందు ఎన్ని బోర్డులుండేవో గుర్తు చేసుకోండి. ఎయిర్‌సెల్, యూనినార్, డొకొమో, రిలయన్స్, ఐడియా, వొడాఫోన్. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి నెలల తరబడి ఉచితంగా ఇచ్చింది. మనమూ సంబరంగా క్యూ కట్టాం. ఆ దెబ్బకి కొన్ని మూతపడ్డాయి, కొన్ని అమ్ముడుపోయాయి, వొడాఫోన్, ఐడియా 2018లో కలిసిపోయాయి. ఇవాళ దేశంలో పదిమంది మొబైల్ వాడితే ఏడుగురికి పైగా జియో, ఎయిర్‌టెల్ దగ్గరే ఉన్నారు. ఒకళ్లు పెంచితే మర్నాడు రెండోవాళ్లు పెంచుతారు. ఇంకెక్కడికి పోతాం? రేట్లు ఎంత ఉండాలో ట్రాయ్ చెప్పదు. అది మార్కెట్‌కే వదిలేయడం దాని విధానం. పది కంపెనీలు ఉన్నప్పుడు పెట్టుకున్న విధానం అది, ఇద్దరు మిగిలాక కూడా అదే నడుస్తోంది.

కంపెనీల భాషలో ఒక మాట ఉంది, ఆర్పు అని. ఒక్కో కస్టమర్ నుంచి నెలకి సగటున ఎంత వస్తుందో ఆ లెక్క. 2024 జూలై పెంపుకి ముందు ఎయిర్‌టెల్‌కి అది 211, డిసెంబర్‌కల్లా 245. 300 కావాలని ఆ కంపెనీ పెద్దలు బహిరంగంగానే చెబుతూ వచ్చారు. అంటే ఇది ఆగేది కాదు. స్పెక్ట్రం అప్పులున్నాయి, 5జీకి పెట్టుబడి పెట్టాం అని వాళ్ల వాదన. 2022 వేలంలో లక్షన్నర కోట్ల స్పెక్ట్రం కొన్న మాట నిజమే. 2019లో సుప్రీంకోర్టు తీర్పుతో పాత బకాయిలు మీద పడ్డదీ నిజమే. అయితే 5జీ కోసం చేసిన అప్పు, 2జీ బటన్ ఫోన్ పట్టుకున్న అవ్వ ఎందుకు తీర్చాలి? ఈ ప్రశ్నకి మాత్రం జవాబు దొరకదు. ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 199లో 30 రూపాయలు జీఎస్టీయే. ఉప్పు మీద పన్ను లేదు, మాట మీద 18 శాతం!

ఈ బాధ ట్రాయ్‌కి తెలియక కాదు. 2024 డిసెంబర్‌లో నిబంధనలు మార్చింది. డేటా అక్కర్లేని వాళ్లకి కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్ ప్రతి కంపెనీ పెట్టాలని చెప్పింది. పేపర్లలో చదివి నేనూ సంతోషపడ్డాను. జనవరిలో ప్లాన్లు వచ్చాయి. ఎయిర్‌టెల్ 84 రోజులకి 469, ఏడాదికి 1,849. జియో 84 రోజులకి 448, 336 రోజులకి 1,748. ఏడాది లెక్కన రోజుకి ఐదు రూపాయలు, 199 ప్లాన్‌లో అయితే ఏడు. తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ 1,849 ఒక్కసారి ఎవరి దగ్గర ఉంటుంది? కాఫీ డబ్బులు చేతికొచ్చిన నెలలో ఉండొచ్చు, అప్పుడు కూడా షావుకారు బాకీ ముందు నిలబడుతుంది. వానాకాలంలో ఆ మాటే వద్దు. డబ్బున్నవాడికి రోజుకి ఐదు, లేనివాడికి ఏడు. 28 రోజులకి కాల్స్ మాత్రమే ఉండే ప్లాన్ పెట్టమని నిబంధనలో లేదు, కాబట్టి వాళ్లు పెట్టలేదు. పది రూపాయల వోచర్ ఉండాలన్నారు, ఉంది. వేస్తే ఏడు రూపాయల చిల్లర టాక్‌టైమ్ వస్తుంది. వ్యాలిడిటీ లేని సిమ్‌లో ఆ ఏడు రూపాయలు ఏం చేసుకోవాలి?

ఇంతా కట్టాక సిగ్నల్ ఉంటుందా? ఇది మైదాన ప్రాంతం మిత్రులకి అర్థం కాని విషయం. మన అల్లూరి జిల్లాలో టవర్లు పెరిగాయి, అబద్ధం చెప్పకూడదు. 2023 జూన్‌లో రాష్ట్రంలో 100 టవర్లు ప్రారంభిస్తే 85 మన జిల్లాలోనే. కేంద్రం కూడా సిగ్నల్ లేని ఊళ్ల కోసం 26,316 కోట్లతో 4జీ పథకం పెట్టి బీఎస్‌ఎన్‌ఎల్‌కి అప్పగించింది. అయినా గాలివాన వస్తే కరెంటు పోతుంది, కరెంటు పోతే కాసేపటికి టవర్ బ్యాటరీ పోతుంది. రెండు రోజులో, మూడు రోజులో. వ్యాలిడిటీ మాత్రం ఆగదు, టవర్ పడుకున్నా అది నడుస్తూనే ఉంటుంది.

దీనికీ ఒక రూల్ ఉంది. 24 గంటలకి మించి నెట్‌వర్క్ పోతే ప్రీపెయిడ్ వాళ్లకి వ్యాలిడిటీ పొడిగించాలని ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా ప్రమాణాల్లో రాసింది, 2025 ఏప్రిల్ నుంచి అమలు. కానీ లెక్క జిల్లా మొత్తానికి. జిల్లా అంతా పడిపోతేనే పరిహారం. పెదబయలులో ఒక పంచాయతీకి వారం రోజులు సిగ్నల్ లేకపోయినా, పాడేరు టౌన్‌లో ఫోన్లు మోగుతుంటే కాగితం మీద ఏమీ జరగనట్టే. రూల్ రాసినవాళ్లు కొండ చూసి ఉండరు.

డబ్బు లేదా అంటే, ఉంది. కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం మారుమూల ప్రాంతాల సేవల కోసం కేంద్రానికి కడతాయి. 2002లో పెట్టిన నిధి అది, 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అని పేరు మారింది. అందులో మన రీఛార్జ్ డబ్బు కూడా ఉంది. ఆ నిధిని టవర్లకి, కేబుళ్లకి ఖర్చు పెడుతున్నారు, మంచిదే. టవర్ కట్టి, దాని కింద నిలబడ్డ మనిషికి మాట్లాడే స్తోమత లేకపోతే ఎవరికి లాభం? అమెరికాలో లైఫ్‌లైన్ అని 1985 నుంచి ఒక పథకం నడుస్తోంది. పేద కుటుంబం ఫోన్ బిల్లులో నెలకి 9.25 డాలర్ల దాకా అలాంటి నిధి నుంచే కడతారు. ఆదివాసీ తెగల భూముల్లో ఉండేవాళ్లకైతే ఇంకో 25 డాలర్ల దాకా అదనం. పక్కా పెట్టుబడిదారీ దేశం, అక్కడే ఇస్తున్నారు. ఐదో షెడ్యూల్ ఉన్న మన దేశంలో అడిగితే తప్పేంటి?

కాబట్టి అడగాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో నెలకి యాభై రూపాయలకి మించకుండా కాల్స్, మెసేజ్‌ల ప్లాన్ పెట్టాలి, తేడా డిజిటల్ భారత్ నిధి భరించాలి. రీఛార్జ్ లేకపోయినా ఇన్‌కమింగ్, ఓటీపీ మెసేజ్‌లు ఆపకూడదు. నెట్‌వర్క్ పోయిన రోజుల లెక్క జిల్లా వారీగా కాకుండా టవర్ వారీగా కట్టాలి. బీఎస్‌ఎన్‌ఎల్‌కి పోదాం అని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. మీ ఊళ్లో సిగ్నల్ ఉంటే తప్పకుండా పొండి, 2024లో రేట్లు పెంచనిది అదొక్కటే. లేని ఊళ్లో నినాదం కోసం సిమ్ మార్చుకుంటే మీ అమ్మకే ఫోన్ కలవదు.

వచ్చే గ్రామసభకి ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి. ఇంటికి ఎన్ని ఫోన్లు, బటన్ ఫోన్లెన్ని, ఏ కంపెనీ సిమ్, పోయిన మూడు నెలల్లో ఎంత రీఛార్జ్ వేశారు, ఎన్ని రోజులు సిగ్నల్ లేదు, రీఛార్జ్ లేక ఏ పని ఆగింది. తేదీలతో సహా రాయండి. టవర్ పోయిన ప్రతిసారీ 198కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబర్ అదే నోట్‌బుక్‌లో ఎక్కించండి. సర్పంచ్ సంతకంతో తీర్మానం చేసి ఒక కాపీ ఐటీడీఏ పీఓకి, ఒకటి ట్రాయ్‌కి పంపండి. ఇంకో కాపీ ఫోటో తీసి ఈ పేజీకి పంపండి. మండలాల వారీగా లెక్క మేం కడతాం.