కరెంటు చికిత్సకు పోయిన కూలి ఎవరిస్తారు?

సినిమాల్లో కరెంటు షాక్ అంటే శిక్ష. నిజానికి తిండి మానేసి, చావు మాటే మాట్లాడే తీవ్ర డిప్రెషన్‌లో మందులు పనిచేయనప్పుడు ఈసీటీ ప్రాణం నిలబెట్టగలదు. కొంత జ్ఞాపకం పోవచ్చు. ఆ సంగతి ముందే చెప్పాలి. చెప్పకుండా వేయించుకున్న వేలిముద్ర సమ్మతి కాదు.

మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అత్యవసరమన్న పేరుతోనూ కుదరదంది. మంచిదే. కానీ మామూలుగా వారానికి 2, 3 సార్లు చొప్పున 6 నుంచి 12 విడతలు! నల్లపాడు దళితవాడ నుంచి మిరపకోతకు వెళ్లే ఆడకూలీ ప్రతిసారీ పరగడుపున, తోడు మనిషితో గుంటూరు దాకా వెళ్లాలి. కోతల కాలంలో ఇద్దరి కూలి పోతుంది. రెండో విడతకే మానేస్తే ‘అవగాహన లేదు’ అంటారు. టీబీ రోగులకు 2018 నుంచి పోషణ సొమ్ము ఇస్తున్న ప్రభుత్వం, ఈ ఇద్దరికీ పోయిన కూలి, దారిఖర్చు ఎందుకివ్వదు?