బగ్గు వాళ్ళది.. మరి ఆ మౌనం ఎవరిది?

మన కోడులో ఒక కామెంటు తరచూ కనిపిస్తుంది: "ఈ లైను తీసెయ్యొద్దు, తీస్తే ప్రొడక్షన్ ఆగిపోతుంది". ఎందుకు ఆగిపోతుందో మాత్రం రాసుండదు. రాసినాయన ఎప్పుడో కంపెనీ మారిపోయుంటాడు. కాస్త తవ్వి చూస్తే చాలాసార్లు దాని వెనక లైబ్రరీ బగ్గు ఒకటి దొరుకుతుంది. కనిపెట్టిన మొనగాడు మనవాడే, కానీ చెప్పాల్సినవాళ్ళకి చెప్పలేదు. నా గొడవంతా దీని గురించే.

"చెప్తే మాత్రం మారుస్తారా ఏంటి?" అనేది మనవాళ్ళ మొదటి వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. జావాలో యూఆర్ఎల్ క్లాసునే చూడండి. రెండు యూఆర్ఎల్‌లు సమానమా అని ఈక్వల్స్‌ని అడిగితే అది అక్షరాలు పోల్చి ఊరుకోదు, హోస్టు పేర్లు పట్టుకుని డీఎన్ఎస్ దగ్గరికి పరిగెడుతుంది. రెండు పేర్లకీ ఒకే ఐపీ అడ్రసు వస్తే హోస్టులు రెండూ ఒకటేనని తేల్చేస్తుంది! ఒకే ఐపీ మీద వందల సైట్లు నడిచే లోకంలో ఇదేం న్యాయం? దీన్ని అనుకరించొద్దని జాషువా బ్లాక్ 2008లో వచ్చిన 'ఎఫెక్టివ్ జావా' రెండో ఎడిషన్లోనే రాశారు. అయినా ఆ ప్రవర్తన అలాగే ఉంది. కానీ ఒకటి గమనించండి. ఈ పని నెట్‌వర్క్ కోసం ఆగిపోవచ్చని, వర్చువల్ హోస్టింగ్‌తో పొసగదని ఆ క్లాసు డాక్యుమెంటేషనే ఒప్పుకుంటుంది. బగ్గు పోకపోయినా, గోతి పక్కన బోర్డు పెట్టినట్టైంది. అది చదివి తప్పించుకున్నవాళ్ళు ఎంతమందో!

ఇక పైథాన్ సంగతి. ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ సర్టిఫికెట్‌లోని పేరుని హోస్టు పేరుతో పోల్చట్లేదని 2007లోనే ఒకరు బగ్ ట్రాకర్లో రాశారు. పోల్చే ఫంక్షను 2011లో, 3.2 వెర్షనుతో వచ్చింది. హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్లలో సర్టిఫికెట్ తనిఖీ తనంతట తానే జరిగే ఏర్పాటు 2014 డిసెంబరులో, 2.7.9తో వచ్చింది. ఏడేళ్ళు! మారిస్తే పాత ప్రోగ్రాములు విరుగుతాయన్న సమస్య అక్కడా ఉంది. దాన్ని బహిరంగంగా చర్చించి, భద్రతే ముఖ్యమని తేల్చారు. ఆ తనిఖీని ఇవాళ మనం ఉచితంగా అనుభవిస్తున్నాం.

రెండో వాదన: "క్లయింటు కోడు బయటపెట్టకూడదు కదా!" ఎవరు పెట్టమన్నారండీ? క్లయింటు పేరు, సర్వర్ పేరు అన్నీ తీసేసి, లోకల్‌హోస్ట్ మీదే బగ్గు చూపించే ఇరవై లైన్ల ప్రోగ్రాము రాయండి. భాష వెర్షను, ఆపరేటింగ్ సిస్టం, ఏం జరగాలి, ఏం జరుగుతోంది.. ఈ నాలుగూ ఉంటే చాలు. అలా కుదించేటప్పుడు ఒక్కోసారి తప్పు మన కోడులోనే బయటపడుతుంది. అదీ లాభమే.

మూడోది, అసలైనది: టైము లేదు. మేనేజరుకి టికెట్టు మూసెయ్యడమే ముఖ్యం. టైమౌట్ పెంచు, మూడుసార్లు రీట్రై పెట్టు, మూసెయ్. మా పక్క టీమువాళ్ళు రెండు రోజులు తలబాదుకున్న సాకెట్ సమస్యకి మా ప్రాజెక్టులో ఏడాది నుంచీ అతుకు ఉంది! ఒక గంట మిగుల్చుకుందామని మూసిపెట్టిన విషయం ఇంకొకళ్ళ రెండు రోజులు మింగేసింది. ఇదా పొదుపు?

ఊరి చెరువు నీళ్ళు అందరూ తాగుతాం. గట్టుకి గండి పడితే మన బిందె నింపుకుని వచ్చేస్తామా?

నేననేది చిన్న రూలే. లైబ్రరీ బగ్గుకి అతుకు వేస్తే, ఆ కామెంటులో బగ్ ట్రాకర్ నంబరు ఉండాలి. నంబరు లేకపోతే కోడ్ రివ్యూ దాటకూడదు. పైథాన్ ట్రాకర్ 2022 నుంచీ గిట్‌హబ్‌లోనే ఉంది, అకౌంటు మనలో చాలామందికి ఉండనే ఉంది.

ఇంకా ఏదైనా సాకు మిగిలుంటే చెప్పండి, వింటాను.