మాత్ర తప్పితే

మా అమ్మ దగ్గర మాత్రలంటే మందుబిళ్ళలు. పొద్దున 3, రాత్రి 2. నా దగ్గర మాత్రలంటే లఘువుకు ఒకటి, గురువుకు రెండు. ఇరవై యేళ్ళుగా కాలేజీలో ఈ లెక్క చెప్పే జీతం తీసుకుంటున్నాను. ఈ రెండూ గాక మూడో రకం మాత్ర ఒకటున్నదనీ, దాన్ని సెకనులో పదిలక్షల వంతులు చేసి కొలుస్తారనీ మొన్న ఫాల్గుణంలో మా యింట్లోనే తెలిసింది. ఆ వైనం చిత్తగించండి.

నిరుడు అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట నిలిచింది, జ్ఞాపకం నిలిచింది, అభిమానం మాత్రం రెట్టింపయింది. రాత్రిళ్ళు ఎవర్నీ పిలవదు. ఆవిడ గదిలో పంకా రిమోటుతో తిరిగేది. ఆ రిమోటు రెండు వేళ్ళ వెడల్పు, దాని మీద బటన్లు కందిగింజలంత. ఎడంచేత్తో ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడుతుంది. లేదా రిమోటే జారి మంచం కిందికి పోతుంది. ఒకనాడు తెల్లవారుజామున లేచి చూద్దును గదా, పంకా గిర్రున తిరుగుతున్నది, దుప్పటి కాళ్ళ దగ్గర పడి వుంది, అమ్మ ముడుచుకుని పడుకుని వుంది. ఒళ్ళు చల్లగా వుంది.

"పిలవకపోయావా అమ్మా?" అన్నాను.

"నిద్ర చెడగొట్టడ మెందుకురా? తెల్లారితే నువ్వే వస్తావుగా" అన్నది.

ఆ మాటకు నాకు జవాబు దొరకలేదు.

పాలిటెక్నిక్కులో చదువుతున్న మా వాడు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. "నాన్నమ్మకి పెద్ద బటన్ ఒకటి చేసిపెడతా నాన్నా! పిడికిలితో గుద్దినా పలకాలి" అన్నాడు. ఆ సాయంత్రమే అటక మీంచి తన సామాను దింపాడు. అందులో ఆర్డుయినో అనే నీలంరంగు పలక ఒకటి. 2005లో ఇటలీలో ఇవ్రియా అనే వూళ్ళో విద్యార్థుల కోసం పుట్టిందిట. దాని నడుమ నల్లని మైక్రోకంట్రోలర్. సెకనుకు 1 కోటి 60 లక్షలసార్లు కొట్టుకునే గుండె దానిది. పైకి చూస్తే జెర్రిలా వుంటుంది, పాపం.

ముందు రిమోటు ఏమంటుందో వినాలి గదా. మూడు కాళ్ళున్న చిన్న చెవి ఒకటి తగిలించి, దాని ముందు రిమోటు నొక్కాడు. కంప్యూటరు మీద అంకెలు బారులు తీరాయి: 9000, 4500, 560, 560, 560, 1690, 560, 560... అన్నీ మైక్రోసెకన్లు. ఒకటి వెలుగు, ఒకటి చీకటి, మళ్ళీ వెలుగు, మళ్ళీ చీకటి.

నేను ఎమ్మే తెలుగువాణ్ణి. ఆ అంకెలవంక చూసి లేచిపోవలసినవాణ్ణే. కాని ఏదో పట్టి లాగింది. వెలుగులన్నీ ఒకే పొడుగు, ఇంచుమించు 560. చీకట్లే రెండు రకాలు. పొట్టివి 560, పొడుగువి దానికి మూడు రెట్లు. అంటే విషయమంతా నిశ్శబ్దంలో వుంది. పొట్టి నిశ్శబ్దం సున్న, పొడుగు నిశ్శబ్దం ఒకటి. ఆ 560ని, శాస్త్రం ప్రకారం 562.5ని, ఒక మాత్ర అనుకోండి. మొదట 16 మాత్రల వెలుగు, 8 మాత్రల చీకటి. అది "ఇదిగో మాట్లాడుతున్నాను, విను" అనే పిలుపు. తర్వాత 32 అక్షరాలు. సున్నకు 2 మాత్రలు, ఒకటికి 4.

పెన్సిలు తీసుకుని లఘుగురువులు గుర్తించినట్లు గీతలు పెట్టుకుంటూ పోయాను. మొదటి 8 అక్షరాలు పంకా పేరు. తర్వాతి 8 చూస్తే ఆశ్చర్యం! సున్న వున్నచోట ఒకటి, ఒకటి వున్నచోట సున్న. మూడో ఎనిమిది ఆజ్ఞ, నాలుగో ఎనిమిది దానికి తలకిందులు. తప్పు వినకుండా వుండేందుకు ప్రతి మాటనూ తిరగేసి మళ్ళీ చెబుతుందన్నమాట. దానివల్ల ఇంకో సుగుణం. ఏ ఆజ్ఞ అయినా సున్నలు 16, ఒకట్లు 16 వచ్చి తీరతాయి. కూడితే పిలుపుతో సహా 120 మాత్రలు, 67.5 మిల్లీసెకన్లు. కందపద్యంలో అక్షరాలు ఎన్నయినా వుండనీయండి, మాత్రలు 64 దాటవు చూడండి, అదే పద్ధతి! జపాను ఎన్.ఇ.సి. కంపెనీవాళ్ళ ఏర్పాటుట ఇది. నేను కేక వేసినంత పనిచేస్తే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "జీతం పెంచారా?" అని అడిగింది.

వినడం అయింది, ఇక పలకడం. మా వాడు ఆ అంకెలన్నీ ప్రోగ్రాములో వ్రాసి, ఒక ట్రాన్సిస్టరు, ఒక పరారుణ దీపం తగిలించి నొక్కాడు. పంకా కదలలేదు. స్టూలెక్కి పంకా పక్కనే పెట్టి నొక్కితే పలికింది. మంచం దగ్గరకు వస్తే మళ్ళీ మూగనోము.

లోపం ఎక్కడంటే, మూడుకాళ్ళ చెవి మాకు ఒక సంగతి దాచింది. రిమోటు తన దీపాన్ని వూరికే వెలిగించదు. ఆ కంటికి కనపడని కాంతి ఎండలోనూ వుంటుంది, పాతరకం బల్బుల్లోనూ వుంటుంది. వాటిలోంచి తన గొంతు వేరుగా వినపడాలి గనుక, వెలిగినంతసేపూ సెకనుకు 38 వేలసార్లు మినుకుమనిపిస్తుంది. ఒక్కో మాత్రలో అలాంటి మినుకులు సుమారు 21. పంకాలోని చెవి ఆ తాళానికే తల ఊపుతుంది. మా వాడికి ఈ సంగతి తెలుసు. "వెలిగించు, 13 మైక్రోసెకన్లు ఆగు, ఆర్పు, 13 ఆగు" అనే వ్రాశాడు. కాని "వెలిగించు" అన్న మాట అమలు కావడానికే ఆ పలకకు మూడు నాలుగు మైక్రోసెకన్లు పడుతుంది. ఆర్పడానికి మరో మూడు నాలుగు. దాంతో 38 వేలు కావలసింది 30 వేల దగ్గర పడింది. తాళం తప్పినవాడి పాట చెవి దగ్గర పెట్టుకుంటే వినపడుతుంది గాని సభకు అందదు.

13ను 10కి, 9కి దించి చూశాడు. మంచం దగ్గర నుంచి పంకా పలికింది! ఇంటిల్లిపాదికీ పండగ. అమ్మ ఎడమ పిడికిలితో గుద్ది పంకా వేగం తగ్గించి, పెంచి, మళ్ళీ తగ్గించింది.

రెండు రోజుల తర్వాత మా వాడికి ముచ్చట పుట్టింది. నొక్కినట్టు నాన్నమ్మకు తెలియాలని చిన్న ఆకుపచ్చ దీపం పెట్టాడు. దానికోసం ఒక్క వాక్యం చేర్చాడు, అదీ సరిగ్గా ఆ మినుకు మినుకుల మధ్యలో. పడుకునేముందు నొక్కి చూశాడు, పచ్చదీపం వెలిగింది, బాగుందనుకుని వెళ్ళిపోయాడు. పంకా వంక చూడలేదు.

మర్నాడు అమ్మ ఏమీ అనలేదు. నేను కాఫీ ఇస్తుంటే తనే మెల్లగా, "రాత్రి ఏడెనిమిదిసార్లు నొక్కానురా. దీపం వెలుగుతూనే వుంది. ఈ చెయ్యి కూడా పోతున్నదేమో, సరిగ్గా పడలేదనుకున్నా" అన్నది. మా వాడి మొహం పాలిపోయింది. కాలేజీకి వెళ్ళకుండా కూర్చున్నాడు.

సాయంత్రం నాకు చెప్పాడు: "నాన్నా, నేను మాటల పొడుగుతో కాలం కొలుస్తున్నాను. ఒక మాట పెరిగితే కాలం పెరుగుతుంది. అదీగాక ఇది వెయ్యోవంతు సెకనుకోసారి తన సొంత గడియారం సవరించుకోడానికి చేస్తున్న పని ఆపేస్తుంది." నేను క్లాసులో పద్యం చదువుతుంటే అటెండరు సర్క్యులర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టన్నమాట. సంతకం పెట్టి మళ్ళీ అందుకునేసరికి రాగం ఎక్కడ వుంటుంది?

తీరా చూస్తే ఆ నల్లజెర్రి కడుపులోనే తాళం వేసేవాడు వేరే వున్నాడు. టైమరు అంటారు. వాడికి ప్రోగ్రాముతో పనిలేదు, సర్క్యులర్లు రావు. 0 నుంచి 210 దాకా లెక్కపెట్టడం, 210 నుంచి 0 దాకా దిగిరావడం, అంతే. వెరసి 420 దెబ్బలు. 1 కోటి 60 లక్షల్ని 420తో భాగిస్తే 38 వేల చిల్లర. మా వాడు మినుకుల పని వాడికి అప్పగించి, ఎన్ని మాత్రలు వెలగాలో, ఎన్ని మాత్రలు ఆగాలో మాత్రం ప్రోగ్రాముకు వుంచాడు. 562 బదులు 570 అయినా పంకా మన్నిస్తుంది. తాళం తప్పితే మన్నించదు. పచ్చదీపాన్ని తీసెయ్యమన్నాను. "వుంచుతా" అన్నాడు. వుంచాడు. ఆ రాత్రి మేమిద్దరం తలుపు పక్కన చాలాసేపు నిలబడ్డాం. అమ్మ నొక్కింది. పంకా నెమ్మదించింది. "వెళ్ళి పడుకోండర్రా" అన్నది లోపల్నుంచి.

ఇప్పుడు టీవీకి కూడా అలాంటి బటన్ కావాలంటున్నది. దాని రిమోటు సోనీవాళ్ళది. వింటే అంకెలు వేరే ఛందస్సులో వచ్చాయి: 2400, 600, 1200, 600, 600, 600... ఇక్కడ నిశ్శబ్దాలన్నీ ఒకటే, వెలుగులే రెండు రకాలు. 600 సున్న, 1200 ఒకటి. అచ్చంగా లఘువూ గురువూ! తాళం 40 వేలు. మా వాడు 210 కొట్టేసి 200 వ్రాశాడు. అయినా ఒకసారి పంపితే టీవీ వినలేదు. అదే మాట వరసగా మూడుసార్లు పంపాలిట.

"మూడుసార్లు చెబితేగాని వినదా? మీ తాతయ్యే" అన్నది అమ్మ, మనవడితో.