తొమ్మిదేళ్ల నిరీక్షణకు అరకొర ఫలితం

ఐప్యాడ్‌పై పనిచేసే ఫోటోషాప్‌ను అమెరికాకు చెందిన అడోబీ సంస్థ 2019 నవంబరు 4న విడుదల చేసింది. ఆ రోజు ఛాయాగ్రాహకులు, చిత్రకారులు, ముద్రణారంగ నిపుణులు హర్షించవలసి ఉండగా, వారిలో అసంతృప్తి పెల్లుబికింది. ఆపిల్ సంస్థ తొలి ఐప్యాడ్‌ను విక్రయానికి పెట్టింది 2010 ఏప్రిల్‌లో. తొమ్మిదిన్నరేళ్లు ఎదురుచూసిన వారి చేతికి చివరకు అందినది అసంపూర్ణమైన సరుకు. కొండను తవ్వి ఎలుకను పట్టిన చందంగా ఉందన్న విమర్శ చెలరేగింది. ధనబలానికీ, నిపుణులకూ కొదవలేని సంస్థకు ఇంత జాప్యం ఎందుకు జరిగినట్లు? ఇది ఒక్క సాఫ్ట్‌వేర్‌కు పరిమితమైన ప్రశ్న కాదు. ఒకే సంస్థపై ఆధారపడి జీవనోపాధి పొందే వారందరికీ సంబంధించినది.

అమెరికాకు చెందిన థామస్ నోల్, జాన్ నోల్ అనే సోదరుల కృషి ఫలితంగా రూపొందిన ఫోటోషాప్ 1990 ఫిబ్రవరిలో మెకింతోష్ కంప్యూటర్లపై తొలిసారి విడుదలైంది. పత్రికల ముఖచిత్రాలు, సినిమా పోస్టర్లు మొదలుకొని మన పట్టణాల్లోని స్టూడియోలు తయారుచేసే కరిజ్మా ఆల్బమ్‌లు, కూడళ్లలో వెలిసే ఫ్లెక్సీల వరకు దాని ప్రమేయం లేని చోటు అరుదంటే అతిశయోక్తి కాదు. చిత్రాన్ని మార్చడాన్నే ‘ఫోటోషాప్ చేయడం’ అంటున్నామంటే దాని ఆధిపత్యం ఎంతటిదో ఊహించవచ్చు.

మధ్యలో జరిగిందేమిటి?

ఈ తొమ్మిదేళ్లలో అడోబీ చేతులు ముడుచుకు కూర్చుందని చెప్పలేము. ‘ఫోటోషాప్ టచ్’ పేరిట ఒక చిన్న రూపాన్ని 2011లో ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు, 2012లో ఐప్యాడ్‌కు అందించింది. 2015లో దాని విక్రయం నిలిపివేసి, ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి చొప్పున చిన్న చిన్న యాప్‌లపై దృష్టి సారించింది. వృత్తి నిపుణులు కోరినది అది కాదు. కార్యాలయంలోని కంప్యూటర్‌పై ప్రారంభించిన పనిని ప్రయాణంలో టాబ్లెట్‌పై కొనసాగించగలగాలన్నదే వారి కోరిక. 2015 నవంబరులో ఐప్యాడ్ ప్రో, దానితోపాటు ఆపిల్ పెన్సిల్ మార్కెట్‌లోకి వచ్చిన తరువాత, టాబ్లెట్‌కు అంతటి శక్తి లేదన్న వాదన బలహీనపడింది.

కాగా చిన్న సంస్థలు ముందంజ వేశాయి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు చెందిన సంస్థ ఒకటి 2011లోనే ‘ప్రోక్రియేట్’ను ఐప్యాడ్‌పై ప్రవేశపెట్టి చిత్రకారుల ఆదరణ చూరగొన్నది. బ్రిటన్‌కు చెందిన సెరిఫ్ సంస్థ 2017 జూన్‌లో ‘అఫినిటీ ఫోటో’ను ఐప్యాడ్‌కు తెచ్చింది. అప్పట్లో ఈ రెండింటికీ ఒక్కసారి ధర చెల్లిస్తే సరిపోయేది. నెలనెలా చందా అవసరం లేకపోవడం గమనార్హం.

ఈ నేపథ్యంలో ఐప్యాడ్‌పై ‘అసలైన ఫోటోషాప్’ రానున్నదని 2018 అక్టోబరులో అడోబీ ప్రకటించింది. ఆశలు మిన్నంటాయి. తీరా ఏడాది తరువాత వచ్చిన దానిలో వెలుగునీడలను సరిదిద్దే ‘కర్వ్స్’ లేదు. వృత్తి ఛాయాగ్రాహకులు కెమెరా నుంచి నేరుగా తెచ్చుకునే ‘రా’ ఫైళ్లను సవరించే వీలు లేదు. లేయర్ స్టైల్స్, పెన్ టూల్ వంటివీ లేవు. ఇది ఆరంభం మాత్రమేననీ, మిగిలినవి దశలవారీగా చేరుస్తామనీ సంస్థ సమాధానమిచ్చింది. ఆ మాట ప్రకారమే కర్వ్స్ 2020 మే నెలలో, రా ఫైళ్ల సదుపాయం 2021 అక్టోబరులో చేరాయి.

జాప్యానికి మూలం

సాంకేతికంగా ఇది సులభసాధ్యమైన పని కాదన్నది అంగీకరించవలసిన విషయమే. మౌస్‌కూ, కీబోర్డుకూ అనువుగా మూడు దశాబ్దాలపాటు పేరుకున్న ప్రోగ్రాంను వేలికొనకూ, పరిమితమైన మెమొరీకీ తగినట్లు మలచాలి. పైగా కంప్యూటర్‌పై తయారైన ఫైలు టాబ్లెట్‌పై లేశమైనా తేడా లేకుండా తెరుచుకోవాలన్న ఉద్దేశంతో అడోబీ పాత ప్రోగ్రాం పునాదినే వినియోగించింది. ఈ నిర్ణయం మెచ్చదగినదే.

అయితే వ్యాపార కారణాన్ని విస్మరించలేము. పెట్టెలో పెట్టి విక్రయించే కొత్త వెర్షన్లకు స్వస్తి చెప్పి, పూర్తిగా చందా పద్ధతికి మారుతున్నట్లు అడోబీ 2013 మే నెలలో ప్రకటించిన సంగతి విదితమే. అంతకు పూర్వం కొత్త వెర్షన్‌లో విశేషమేమీ లేకపోతే వినియోగదారు పాతదానితోనే సరిపెట్టుకునేవాడు. అతని చేత మళ్లీ కొనిపించాలంటే సంస్థ కొత్తదనం చూపక తప్పేది కాదు. చందా పద్ధతిలో కొత్తదనం ఉన్నా లేకున్నా ప్రతినెలా సొమ్ము జమ అవుతుంది. చందా ఆపితే పని ఆగుతుంది. తొందరపడవలసిన ఒత్తిడి సంస్థపై సన్నగిల్లడం ఇందుకు సహజ పరిణామం. గడువుకు ముందే చందా రద్దు చేసుకునే వారిపై విధించే రుసుమును మరుగుపరిచిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదుపై 2024 జూన్‌లో అడోబీపై దావా దాఖలైంది. సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది.

మనకేమిటి సంబంధం?

హైదరాబాద్‌లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ అభ్యసించిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబీ సారథ్యం చేపట్టారు. పైన పేర్కొన్న నిర్ణయాలన్నీ ఆయన హయాంలోనివే. నోయిడా, బెంగళూరులలో సంస్థకు పెద్ద కేంద్రాలున్నాయి. ఇందుకు మన యువత గర్వించవచ్చు. కాని ఇక్కడి చిన్న స్టూడియో యజమానికి ఐప్యాడ్ భారమైన వస్తువు. మన దేశంలో అత్యధికుల చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు. ఫోటోషాప్ ఐఫోన్ రూపం 2025 ఫిబ్రవరిలో రాగా, ఆండ్రాయిడ్‌కు పరీక్షాదశ రూపమైనా అందినది అదే సంవత్సరం జూన్‌లో. ధర చెల్లించగల వారి తరువాతనే మన వంతు అన్నమాట.

ఏళ్ల తరబడి తయారుచేసుకున్న ఫైళ్లు, చేతికి అలవడిన పద్ధతులు వృత్తిదారుణ్ణి ఒకే సాఫ్ట్‌వేర్‌కు కట్టివేస్తాయి. అతని నిస్సహాయతే సంస్థకు ధీమా. ఆశాకిరణంగా కనిపించిన సెరిఫ్ సంస్థను సైతం 2024 మార్చిలో కాన్వా కొనుగోలు చేయడం, చిన్న సంస్థలపైనే పూర్తిగా భరోసా ఉంచలేమని హెచ్చరిస్తున్నది. కనుక మన శిక్షణ కేంద్రాలు ఒక్క ఫోటోషాప్‌నే నూరిపోయక, రంగు, వెలుగు, కూర్పు వంటి మూలసూత్రాలను బోధించాలి. ఉచితంగా లభించే గింప్, క్రిటా వంటి వాటినీ పరిచయం చేయాలి. పూర్తయిన పనిని ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే రూపంలో మరొక ప్రతి భద్రపరచుకోవడం వృత్తిదారులకు శ్రేయస్కరం. వేరొక దారి ఉన్న వినియోగదారుణ్ణి ఏ సంస్థ కూడా తొమ్మిదేళ్లు వేచి ఉండమని అడగదు.