ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్‌.. బ్రౌజర్‌ తాళం ఆగేనా?

కోటబొమ్మాళి: పగలు తండ్రి జేబులో, సాయంత్రం పిల్లల చదువుకు, రాత్రి వలస వెళ్లిన వారితో మాటలకు.. పల్లెల్లో అనేక కుటుంబాలకు స్మార్ట్‌ఫోన్‌ ఒక్కటే. కొత్తమ్మతల్లి జాతరకు బంధువులతో ఇళ్లు నిండితే అది మరిన్ని చేతులు మారుతుంది. ఎవరు ఏం వెతికారో, ఏ ఖాతా తెరిచారో బ్రౌజర్‌లో నమోదై ఉంటుంది. దానికి పాస్‌వర్డ్‌ పెడితే గోప్యత దక్కుతుందని పలువురి నమ్మకం. అందులో నిజం సగమే.

తాళం ఒకటి.. దారులెన్నో

ఫైర్‌ఫాక్స్‌లోని ప్రైమరీ పాస్‌వర్డ్‌ దాచుకున్న పాస్‌వర్డ్‌లనే కాపాడుతుంది. చూసిన పేజీల జాబితాకు అది అడ్డు కాదు. కంప్యూటర్‌లో క్రోమ్‌ ప్రొఫైళ్లకు విడిగా పాస్‌వర్డ్‌ ఉండదు. ఒకరి ప్రొఫైల్‌ను మరొకరు సులువుగా తెరవవచ్చు. ఫోన్‌లోని క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో పేజీలకు తాళం వేసే వీలున్నా, ఫోన్‌ పిన్‌ తెలిసిన వారికి అదీ తెరుచుకుంటుంది. ఇంట్లో అందరికీ ఒకటే పిన్‌ అయినప్పుడు ఆ తాళం ఉన్నా లేనట్లే. ముందు తలుపు మూసి దొడ్డి తలుపు తెరిచి ఉంచిన చందమే ఇది.

ఇబ్బంది ఎవరికి?

ఇంటర్నెట్‌ కేంద్రంలో ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసిన విద్యార్థి లాగౌట్‌ మరిస్తే తర్వాత కూర్చున్న వారు వివరాలు మార్చేయవచ్చు. కళాశాల సీటే చేజారే ప్రమాదముంది. వేధింపులు భరిస్తూ 181 సహాయ కేంద్రం గురించి వెతికిన మహిళ పరిస్థితి మరింత సున్నితం. ఆ జాడ కనిపించినా ముప్పే, కొత్తగా తాళం కనిపించినా అనుమానమే. అలాంటప్పుడు నమ్మకమైన వేరొకరి ఫోన్‌ను ఆశ్రయించడమే క్షేమం.

చట్టం గడప వరకే

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. అయితే 2023 నాటి డిజిటల్‌ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సొంత, గృహ అవసరాలకు వ్యక్తులు వాడుకునే సమాచారానికి వర్తించదు. ఒకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే మాత్రం ఐటీ చట్టం 66సి సెక్షన్‌ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా ఉంటాయి. ఇంట్లో ఒకరి ఫోన్‌ను మరొకరు తిరగేయడం వంటి సంగతులు మాత్రం చాలావరకు కుటుంబ మర్యాదకే మిగిలిపోతున్నాయి.

ఏం చేయాలి?

కంప్యూటర్‌లో ఒక్కొక్కరికి పాస్‌వర్డ్‌తో వేర్వేరు విండోస్‌ ఖాతాలు ఏర్పరచుకోవడం బ్రౌజర్‌ తాళం కన్నా మేలు. ఫోన్‌లో యాప్‌ లాక్‌ ఉంటే దానికి ఫోన్‌ పిన్‌ కాకుండా వేరే అంకెలు పెట్టుకోవాలి. ఓటీపీలు లాక్‌ తెరపై కనబడకుండా సెట్టింగ్‌ మార్చుకోవాలి. ఇంటర్నెట్‌ కేంద్రాల్లో గెస్ట్‌ విండో వాడాలి. ‘పాస్‌వర్డ్‌ సేవ్‌ చేయాలా’ అని అడిగితే నిరాకరించాలి. లేచే ముందు లాగౌట్‌ కావడంతోపాటు డౌన్‌లోడ్‌ చేసిన ఆధార్‌, మార్కుల జాబితా ప్రతులను తొలగించాలి. ఖాతా నుంచి సొమ్ము పోయినట్లు గుర్తిస్తే జాప్యం లేకుండా 1930కు ఫోన్‌ చేయాలి.