పెళ్ళయిన ముప్ఫయ్యేళ్ళకు పారిస్ – ఇన్సులిన్ సంచీతో

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం యిది. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు.

"డాక్టరుగారికి నమస్కారములు. మాకు పెళ్ళయి ముప్ఫయ్యొక్క సంవత్సరాలు. యిన్నేళ్ళలో మేమిద్దరమే కలిసి ఏ వూరూ వెళ్ళలేదు. తిరుపతి వెళ్ళినా మొదట్లో అత్తగారూ మామగారూ, తరువాత పిల్లలూ వెంట వుండేవారు. జర్మనీలో వుద్యోగం చేస్తున్న మా అబ్బాయి పారిస్‌లో నాలుగు రోజులు వుండేటట్లు టిక్కెట్లూ, హోటలూ అన్నీ కుదిర్చాడు. తనకు సెలవు దొరకదట, మమ్మల్నిద్దరినే వెళ్ళి రమ్మంటున్నాడు. మావారి వయసు 58. పన్నెండేళ్ళుగా షుగరు. రెండేళ్ళ నుంచి పొద్దునా రాత్రీ ఇన్సులిన్ తీసుకుంటున్నారు. యీ సంగతి అబ్బాయికి చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇన్సూరెన్సు ఫారంలో కూడా జబ్బులేమీ లేవని రాస్తానంటున్నారు. నాకు 54. బి.పి., మోకాళ్ళ నొప్పులు. యిద్దరం శాకాహారులం. వెళ్ళాలని మనసులో వుంది, తలుచుకుంటే గుండెల్లో దడగా వుంది. వెళ్ళమంటారా, మానమంటారా?"

వెళ్ళండమ్మా. నిక్షేపంగా వెళ్ళండి. 1669లో ఫ్రెంచివాళ్ళు వ్యాపారానికి మన బందరు వచ్చారు. వాళ్ళ గుర్తుగా యిప్పటికీ అక్కడ పరాసుపేట వుంది. వాళ్ళు నెలల తరబడి ఓడలో వచ్చారు. మీరు యీ పూట గన్నవరంలో బయలుదేరితే రేపటికి అక్కడ వుంటారు. షుగరు వున్న మనిషి దూరప్రయాణం చేయకూడదని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. అయితే మీవారు వేయించుకున్న ఆ ఒట్టు మాత్రం తీసి గట్టున పెట్టాలి.

ముందు ఇన్సూరెన్సు సంగతి. ఫ్రాన్సు వీసాకు కనీసం 30,000 యూరోల వైద్యఖర్చు భరించే పాలసీ వుండి తీరాలి. జబ్బు దాచి పాలసీ తీసుకుంటే కాగితం చేతిలో వుంటుంది, డబ్బు మాత్రం రాదు. అక్కడి ఆస్పత్రిలో చేరినప్పుడు 'యీయనకు షుగరు ఎన్నాళ్ళ నుంచి?' అని డాక్టరు అడుగుతాడు, మీరు నిజం చెబుతారు, అది కేసు షీటులో ఎక్కుతుంది. కంపెనీ ఆ షీటు చూసి చేతులు దులుపుకుంటుంది. అంచేత వున్న జబ్బులన్నీ రాయండి. పాత జబ్బుల వల్ల వచ్చే అత్యవసర పరిస్థితిని ఏ మేరకు భరిస్తారో పాలసీలో చదివించుకుని, ఆ షరతు మెరుగ్గా వున్నది తీసుకోండి. నాలుగు వందలు ఎక్కువైతే కానివ్వండి.

అబ్బాయి సంగతి తరువాత చెబుతాను.

ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో వేసి విమానం అడుగున పంపకూడదు. అక్కడి చలికి మందు గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పైగా పెట్టె ఒకచోటికీ మనం ఒకచోటికీ చేరడం కొత్త కాదు. సీసాలు, సూదులు, గ్లూకోమీటరు, మాత్రలు అన్నీ చేతిసంచిలోనే వుండాలి. కావలసినదానికి రెట్టింపు తీసుకుని సగం మీ సంచిలో, సగం ఆయన సంచిలో వేయండి. సూదులెందుకని విమానాశ్రయంలో అడిగితే చూపించడానికి మీ డాక్టరు చేత ఇంగ్లీషులో ఒక చీటీ రాయించుకోండి. అందులో మందుల కంపెనీ పేర్లు కాక అసలు పేర్లు వుండాలి. మన మెడికల్ షాపులో తెలిసిన పేరు పారిస్ మందుల షాపులో తెలియదు. వాడుతున్న సీసా మామూలు చలువ గదిలో నాలుగు వారాలు నిలవ వుంటుంది. మే నెలలో కుండలో పెట్టి కాపాడుకునే బెజవాడవారికి పారిస్‌లో ఆ బాధ లేదు, హీటరు పక్కన పెట్టకుండా వుంటే చాలు.

యిక్కడ ఒక ముఖ్యమైన మాట. యిది చాలామందికి తెలియదు. మన దేశంలో ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు వుంటాయి. దానికి తగిన సిరంజి వేరు. యూరప్‌లో అమ్మేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. సీసా పగిలిపోయిందని అక్కడ కొని, మన 40 సిరంజిలో ఎప్పటిలా 20 గీత వరకూ లాగారనుకోండి, లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు! మనిషి స్పృహ తప్పడానికి అంత చాలు. అక్కడ సీసా కొంటే సిరంజి కూడా అక్కడిదే కొనాలి. అలాగే రక్తపరీక్ష చీటీలో షుగరు 1.2 అని వుంటే కంగారుపడవద్దు. వాళ్ళు లీటరుకు గ్రాముల లెక్కన రాస్తారు. వందతో గుణిస్తే మన 120 అవుతుంది.

యిక వేళల సంగతి. మార్చి చివరి నుంచి అక్టోబరు చివరిదాకా పారిస్ మనకన్నా మూడున్నర గంటలు వెనుక, మిగతా నెలల్లో నాలుగున్నర గంటలు. అంటే వెళ్ళేరోజు మీకు రోజు సాగుతుంది. ఉదయం మోతాదు యింట్లో ఎప్పటిలా తీసుకోవచ్చు. రాత్రి మోతాదు పారిస్ రాత్రి భోజనంతో. మధ్యలో ఆకలికి ఏదైనా తినాలి. ఆ వొక్క పూటా షుగరు కొంచెం పెరిగితే కొంపలు మునగవు, పడిపోతేనే ప్రమాదం. తిరిగి వచ్చేటప్పుడు రోజు కురచవుతుంది, రెండు మోతాదులూ దగ్గరపడతాయి. అప్పుడు ఎంత తగ్గించాలో ముందే మీ డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోండి. విమానంలో అరగంట ముందు అనే నియమం పట్టుకోవద్దు. భోజనం పళ్ళెం కంటికి కనపడ్డాకనే సూది.

పారిస్ నేలమీద కూడా యీ నియమమే. ఎందుకంటారా? యిది నా సొంత కథ, చెప్పడానికి కాస్త సిగ్గుగానే వుంది. నాకూ షుగరే. మాత్రలు వాడతాను. 2018 మే నెలలో నేనూ మా ఆవిడా నాలుగు రోజులు పారిస్ వెళ్ళాం. మాకూ అదే మొదటిసారి. రెండోరోజు పొద్దుటి నుంచీ తిరిగి తిరిగి, సాయంత్రం ఆరున్నరకు హోటలు గదిలో, యింట్లో అలవాటు చొప్పున గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని భోజనానికి బయలుదేరాం. అక్కడ చాలా భోజనశాలల్లో మధ్యాహ్నం రెండున్నరకు పొయ్యి ఆర్పితే మళ్ళీ ఏడింటికో ఏడున్నరకో గాని వెలిగించరు. మాకు శాకాహారం కావాలి. రెండుచోట్ల లేదన్నారు. మూడోచోట కూర్చునేసరికి ఎనిమిది. ఆకాశంలో ఎండ వుంది గనుక ఎంత పొద్దుపోయిందో తోచలేదు. నీళ్ళసీసాకు డబ్బులేమిటని నేను సర్వరు మీద గొంతు పెంచాను. మా ఆవిడ డాక్టరు కాదు, బడిపంతులమ్మ. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నేను హోటల్లో ఎవరి మీదా అరవడం ఆవిడ చూడలేదట. నా మొహం చూసింది, మెడ తడిమింది, చెమట. పక్క బల్లమీద కాఫీ కోసం పెట్టిన చక్కెర పొట్లాలు నాలుగు చింపి నా నోట్లో పోసింది. 'నాకేం లేదు' అని నేను ఆవిడ మీదా కసిరానట. నాకు గుర్తు లేదు. పదిహేను నిమిషాలకు మనిషినయ్యాను. ఆస్పత్రిలో రోజుకు వందమందికి యీ లక్షణాలు అప్పజెప్పేవాణ్ణి, నాకు వస్తే నేను పోల్చుకోలేదు. షుగరు పడిపోయినప్పుడు ముందు దెబ్బతినేది మెదడు. అంచేత పోల్చుకోవలసింది పక్కనున్న మనిషే.

అమ్మా, మీవారి విషయంలో ఆ మనిషి మీరు. చెమట, చేతుల వణుకు, తడబడే మాట, అకారణమైన కోపం – యీ నాలుగింట్లో ఏది కనపడినా గ్లూకోమీటరు అందుబాటులో లేకపోతే దానికోసం వెతకవద్దు. మూడు చెంచాల పంచదారో, గ్లూకోజో, అరగ్లాసు పైచిలుకు పళ్ళరసమో యివ్వండి. పదిహేను నిమిషాల తరువాత చూసి 70కి లోపల వుంటే మళ్ళీ యివ్వండి. తేరుకున్నాక భోజనం. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. పక్కకు ఒత్తిగిల్లేటట్లు పడుకోబెట్టి 112కు ఫోను చేయాలి. యూరప్ అంతటా అదే నంబరు. ఫ్రాన్సులో వైద్యసహాయానికి 15 కూడా పనిచేస్తుంది. బాగా నడిచిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు గనుక పడుకోబోయే ముందు ఒకసారి పరీక్ష చేయండి.

పారిస్‌లో నడక ఎక్కువ. యింటి నుంచి ఆటో, ఆటో నుంచి ఆఫీసు – యిదీ మన నడక. అక్కడ రోజుకు ఎనిమిది, పది కిలోమీటర్లు తెలియకుండానే నడుస్తారు. యిప్పటి నుంచే అలవాటు చేయండి. ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే ఒకసారి ఆ చివరికి వెళ్ళి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. ప్రయాణానికి ఆరు వారాల ముందు ఒకసారితో మొదలుపెట్టి, రెండుసార్లకు పెంచండి. యిద్దరూ కలిసి వెళ్ళండి, అసలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది. ఏ బూట్లతో నడిచారో ఆ బూట్లతోనే విమానం ఎక్కండి. ముందురోజు బీసెంటు రోడ్డులో కొన్న కొత్త బూట్లు పారిస్‌లో పొక్కులు తెస్తాయి. పన్నెండేళ్ళ షుగరు పాదాలకు ఆ పొక్కు నొప్పి తెలియకపోవచ్చు. రోజూ రాత్రి ఆయన అరికాళ్ళు, వేళ్ళ సందులు మీరు చూడండి. ఆయన వొద్దంటారు, అయినా చూడండి.

మీ మోకాళ్ళకు శత్రువు మెట్లు. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. ఆ కాలపు స్టేషన్లు ఎక్కువభాగం మెట్లతోనే వున్నాయి. లిఫ్టులున్న 14వ నంబరు మార్గం 1998లో వచ్చింది. మీరు బస్సు ఎక్కండి. వూరు కనపడుతుంది, మోకాలు మిగులుతుంది. ఈఫిల్ టవరు రెండో అంతస్తుకు 674 మెట్లు. ఎవరో ఎక్కారని ఎక్కవద్దు, లిఫ్టు టిక్కెట్టు ముందే తీసుకోండి. మోన్‌మార్ట్ర్ కొండమీది చర్చికి రెండువందల పైచిలుకు మెట్లున్నాయి గాని, పక్కనే తీగలతో లాగే చిన్న బండి వుంది. లూవ్ర్ మ్యూజియం అంతా చూడాలని పట్టుబడితే నాలుగు రోజులూ చాలవు. రెండు గంటలు చూసి వచ్చేయండి. మంగళవారం సెలవు.

తిండికి యిబ్బంది పడవలసిన పని లేదు. గార్ దు నోర్ అనే రైలుస్టేషను వెనుక, లా షపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల హోటళ్ళున్నాయి. ఇడ్లీ, దోసె, అన్నం దొరుకుతాయి. అక్కడి తెల్లరొట్టె తేలిగ్గా కనిపిస్తుంది గాని షుగరు పెంచడంలో మన అన్నానికేమీ తీసిపోదు. ఆవకాయ తీసుకెళ్ళండి, బి.పి. వుంది గనుక మీరు మాత్రం నంజుకోవడానికే వాడండి. నెయ్యి, పాలతో చేసినవి, మాంసం యూరప్‌లోకి అనుమతించరు.

ఆడవారు ప్రయాణంలో బాత్‌రూముకు భయపడి నీళ్ళు మానేస్తారు. మూత్రంలో మంట తెచ్చుకుంటారు. పారిస్ వీధుల్లో నాలుగు వందలకు పైగా వుచిత మరుగుదొడ్లున్నాయి, భయం లేదు. కుళాయి నీళ్ళు తాగవచ్చు. 1872 నుంచి వీధుల్లో ముదురాకుపచ్చ రంగు ఇనుప చలివేంద్రాలు వున్నాయి. రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి పెట్టించాడు. శీతాకాలంలో కట్టేస్తారు, మిగతా కాలమంతా సీసా నింపుకోవచ్చు. జూలై, ఆగస్టుల్లో వెళ్ళేవారు హోటల్లో ఏ.సి. వుందో లేదో కనుక్కోవాలి. 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. ఆ యెండ మనకు వింత కాదు గాని, ఫ్యానైనా లేని మూసిన గదిలో ఆ వేడి వేరు. 2003 ఆగస్టు యెండలకు ఫ్రాన్సులో దాదాపు 15 వేలమంది పోయారు, ఎక్కువమంది ముసలివాళ్ళు.

విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నచోట మడమలు ఆడించండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా వుంటుంది.

ఉత్తరం చివర మీరు ఒక వాక్యం రాసి కొట్టివేశారు. కొట్టివేసినా చదవగలిగాను. యిన్నేళ్ళకు యిద్దరే వొక గదిలో వుండబోతున్నారు, ఆయన ఆరోగ్యానికి ఏమైనా హానా అన్నది మీ సందేహం. రెండంతస్తుల మెట్లు ఆయాసం, గుండెనొప్పి లేకుండా ఎక్కగలిగిన మనిషికి దాంపత్యజీవితం వల్ల ప్రమాదమేమీ లేదు. షుగరు వల్ల ఆయనకు కొంత లోటు వుంటే దానికి వైద్యం వుంది. ఎవరో యిచ్చిన మాత్ర వేసుకోకుండా డాక్టరుని అడగమనండి. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర వాడేవారు ఆ మాత్రల జోలికి అసలు పోరాదు.

యిప్పుడు అబ్బాయి. జబ్బు సంగతి తెలిస్తే పిల్లవాడు బెంగపడతాడని మీవారి భయం. కాని పారిస్‌లో మీకు అర్ధరాత్రి భాష రాక యిబ్బంది వస్తే, ఫోనులో సాయపడగలవాడు అతనొక్కడే. ఇన్సులిన్ పేరు, మోతాదు, పాలసీ నంబరు అతని దగ్గర వుండాలి. యీ పత్రిక మీవారికి చదివి వినిపించండి. మీరు ఒట్టు తప్పినట్లు కాదు, నేను చెప్పినట్లవుతుంది. అప్పటికీ ఆయన వొప్పుకోకపోతే ప్రయాణానికి పదిరోజుల ముందు యిద్దరూ కలిసి మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆయన ఎదుటే అబ్బాయికి ఫోను కలపండి. చీటీ రెండు ప్రతులు రాయించుకోవడం మరచిపోవద్దు, ఒకటి మీ సంచిలో వుండాలి.