మహాయుద్ధపు మలుపులు ఎచ్చట?

పుంగనూరులో బంధువుల యింట పదవ తరగతి చదువుచున్న బాలుడొకడు మొన్న నా యెదుట మొదటి ప్రపంచయుద్ధపు పాఠము నప్పగించెను. 1914 సెప్టెంబరులో మార్న్ నదియొద్ద జర్మనులు వెనుకకు మరలుట, 1916లో వెర్దూన్, సోమ్ యుద్ధములు, 1917లో రష్యా విప్లవము, అమెరికా రంగమున దిగుట, 1918 నవంబరు 11వ తేదీన యుద్ధవిరామము. ఒక్కటియు తప్పలేదు. "ఆ నాలుగేండ్లలో మన సీమలో నేమి జరిగినది నాయనా?" యని యడిగితిని. "ఇక్కడ యుద్ధము జరుగలేదు గదా, పెద్దనాయనా!" యని యాతడు నావంక నాశ్చర్యముతో జూచెను.

బాలుని యందు దోషము లేదు. మనము నేర్పినదే యతడు పలికెను. యుద్ధమనగా ఫిరంగులు మ్రోగినచోట మాత్రమే జరుగునది యనియు, దాని మలుపులు సేనానులు పటములపై గీసిన గీతలే యనియు మన పాఠములు బోధించుచున్నవి. ఇంటిలో చదువుకొన్న పెద్దలమైన మనము తలయూచుచున్నాము.

మార్న్ మలుపు కాదని నే ననుట లేదు. ఆఱు వారములలో ఫ్రాన్సును గెలువవలెనన్న జర్మనుల పన్నుగడ యచ్చట భగ్నమైనది. భగ్నమైనందుననే యుద్ధము నాలుగేండ్లు సాగినది. సాగినందుననే మన జనము, మన ధనము, మన ధాన్యము దానికి కావలసివచ్చినవి. మార్న్ కథను సగమున నాపి, తక్కిన సగము మనది కాదనుటయే నా కభ్యంతరము.

అదే సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను నౌక మద్రాసు రేవునకు వచ్చి నూఱుకు పైగా గుండ్లు ప్రేల్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లను తగులబెట్టెను. వేలకొలది జనులు నగరము విడిచి పరుగిడిరి. అయినను నాకు ఎమ్డెన్ కంటె, మద్రాసునుండి కుప్పము మీదుగా బెంగుళూరునకు పోవు ఇనుపదారియే ముఖ్యముగా తోచును. బెంగుళూరు మద్రాసు సాపర్ల దండునకు కేంద్రము. ఆ దండున చేరిన దక్షిణదేశపు యువకులు మెసపొటేమియాకును తూర్పు ఆఫ్రికాకును పోయి త్రోవలు వేసిరి, వంతెనలు కట్టిరి. 1916 ఏప్రిల్ 29వ తేదీన మెసపొటేమియాలోని కూత్ పట్టణమున సుమారు 13,000 మంది తుర్కులకు లొంగిపోయిరి. వారిలో నెక్కువమంది భారతీయులు. బాలుని జాబితాలో కూత్ లేదు. భారతదేశమునుండి 10 లక్షలకు మించి సముద్రములు దాటిపోయిరి. సుమారు 74,000 మంది మరల రాలేదు. అదిగాక 1917లో ఈ దేశపు ఖజానానుండి బ్రిటనుకు 10 కోట్ల పౌనులు కానుకగా నిచ్చిరి. ఇచ్చుట కిష్టమేనా యని యిచ్చినవారి నెవ్వరును అడుగలేదు.

ఇంక ఇంటిలెక్క జూతము. మదనపల్లెనుండి పుంగనూరు మీదుగా పలమనేరు, కుప్పము వఱకు గలది మెట్టసీమ. సంగటికి రాగులు, చెఱువున నీరు, ఈ రెండును వానదేవుని చేతిలోనివి. యుద్ధకాలమున ఓడలు చాలక బట్ట, కిరసనాయిలు మొదలగువాని ధరలు మండినవి. దానిపై 1918లో వానలు తప్పినవి. ఆ సంవత్సరము చెన్నరాజధానిలో పెక్కుచోట్ల జనులు ధాన్యపుటంగళ్లను కొల్లగొట్టిరి. ఆ కఱవు మీదనే సైనికుల ఓడలవెంట బొంబాయికి దిగిన విషజ్వరము దేశమంతట వ్యాపించినది. భారతదేశమున దానికి బలియైనవారు 1 కోటి 20 లక్షలకు తక్కువ కాదని పరిశోధకు లనేకు లందురు. యూరపు మొదలు ఆసియా వఱకు అన్ని పక్షముల సైనికులను గలిపినను యుద్ధమున మడిసినవారు సుమారు ఒక కోటియే! 1911కును 1921కిని నడుమ ఈ దేశపు జనసంఖ్య తగ్గినది. జనాభా లెక్కల చరిత్రలో అట్టి దశాబ్దము మఱియొకటి లేదు. వెర్దూన్ మలుపైనచో ఇది యేమి?

మదనపల్లె సంగతి వేఱు. అచ్చట మలుపు కేవలము అనుభవించినది కాదు, కొంతవఱకు చేసినది. 1915లో అనిబిసెంటమ్మగారు అచ్చట కళాశాలను స్థాపించిరి. (ఆమె దివ్యజ్ఞానమత విషయమున నాకు వేఱు అభిప్రాయములు గలవు, వానికిది చోటు గాదు.) 1916లో డబ్లిన్ నగరమున ఐరిషువారు తిరుగబడగా, ఆ తిరుగుబాటును మెచ్చుకొని ఆమె పత్రికలో వ్రాసిన ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ పత్రిక విడువవలసివచ్చి, మదనపల్లెలో అధ్యాపకుడుగా చేరెను. బెల్జియము స్వాతంత్ర్యముకొఱకు కత్తి దూసితిమని చాటిన ప్రభుత్వము, విద్యార్థులు రాజకీయ సభలకు పోరాదని 1917లో ఉత్తరువు చేసినది. జూన్ నెలలో 69 ఏండ్ల ఆ వృద్ధురాలిని నిర్బంధించి ఉదకమండలమున నుంచినది. హోంరూలు పక్షము వహించినందులకు మదనపల్లె కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయముతోడి సంబంధమే తెగినది. మాజీ హైకోర్టు న్యాయమూర్తి సుబ్రహ్మణ్యయ్యరుగారు అమెరికా అధ్యక్షుడు విల్సనునకు లేఖ వ్రాసి, దానికై మందలింపు పొంది, తన బిరుదులను విడిచిపెట్టెను. ఆగస్టు 20వ తేదీన మాంటేగు బాధ్యతాయుత ప్రభుత్వమును క్రమముగా నిత్తుమని ప్రకటించెను. సెప్టెంబరులో బిసెంటమ్మగారు విడుదలైరి. అమెరికా సేనలకొఱకు యూరపు ఎదురుచూచుచున్న ఆ యేడే మన మలుపును వచ్చినది.

ఇంతకంటె ఇండ్లలో చెప్పవలసిన దొకటి గలదు. కజిన్స్ భార్య మార్గరెట్ అమ్మగారు మదనపల్లెలో కాపురముండినవారే. 1917లో మహిళా భారత సంఘమును నెలకొల్పినవారిలో నామె యొకతె. ఆ డిసెంబరు 18వ తేదీన సరోజినీదేవి నాయకత్వమున స్త్రీలు మద్రాసులో మాంటేగును దర్శించి, వోటు పురుషులతోపాటు తమకును కావలెనని యడిగిరి. ఆ రాయబారమునకు పూనుకొన్నదియు నామెయే. యుద్ధమున ఫిరంగిగుండ్లు చేసిన ఇంగ్లీషు స్త్రీలకు సయితము అప్పటికి వోటు రాలేదు. 1918లో వచ్చినది, అదియు 30 ఏండ్లు నిండినవారిలో కొందఱికి. 1921లో చెన్నరాజధాని ఆస్తిపన్ను అర్హతలు గల స్త్రీలకు వోటిచ్చినది. ఇంటి యాడుబిడ్డకు సోమ్ యుద్ధపు తేదీలు నేర్పి ఈ తేదీని నేర్పని మనము సంస్కారులమట!

1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి 'జనగణమన'ను ఇంగ్లీషున వ్రాయుటయు, మార్గరెట్ అమ్మగారు దాని రాగమును స్వరపఱచుటయు మనవారు గర్వముతో చెప్పుకొందురు. చెప్పుకొనదగినదే. కాని ఆ మఱుసటి నెలలోనే రౌలట్ శాసనము వచ్చినదనియు, ఏప్రిల్ 13వ తేదీన అమృతసరమున నిరాయుధులపై తుపాకులు ప్రేలినవనియు దానితో జేర్చి చెప్పువారు తక్కువ. యుద్ధమున తోడ్పడినచో స్వరాజ్యము దానంతట వచ్చునని మన పెద్దలు నమ్మిరి. 1918లో గాంధీగారు సయితము ఖేడా గ్రామములు తిరిగి సైనికులను జేర్చుకొనజూచిరి. ఆ నమ్మిక కిదియా ప్రతిఫలము! మదనపల్లె విడిచి మూడు నెలలు దాటినదో లేదో, యుద్ధము నడుమ 1915లో తనకు వచ్చిన 'సర్' బిరుదును రవీంద్రుడు వద్దని వైస్రాయికి లేఖ వ్రాసెను. పుంగనూరు బాలుని పుస్తకము తెఱచి చూచితిని. అందు అమృతసరము మఱియొక పాఠమున నున్నది, యుద్ధముతో నెట్టి సంబంధమును లేనట్లు.